పేరు రాసిన చీటీ

ఆ ఆదివారం సాయంత్రం మీ కారు ఎన్నో నంబరు గడిలో ఆపారు?

గుర్తు లేదంటారేమో. నాకు గుర్తుంది. మోరిస్‌విల్‌లో ఆ షాపింగ్ సెంటర్ వెనక పార్కింగ్ స్థలంలో నేల మీద సుద్దతో ఒకటి నుంచి యాభై నాలుగు దాకా అంకెలు వేశారు. ఒక్కో అంకె మీద ఒక్కో కారు. పైనుంచి డ్రోన్ చూస్తే ఆ కార్లన్నీ కలిసి 'మాట' అనే రెండక్షరాలుగా కనబడాలి. హీరోల సినిమాలు విడుదలైనప్పుడు ఈ అమెరికాలో మనం చేసే పనే ఇది. కార్లతో హీరో పేరు పేర్చి, హెడ్‌లైట్లు వేసి, వీడియో తీసి ఇండియాలో ఉన్న అభిమానులకి పంపి మురిసిపోతాం. ఆ రోజు మాత్రం సినిమా కోసం కాదన్నారు. ఒక హీరో వాక్‌స్వాతంత్ర్యం కోసం అన్నారు.

అక్కడ ఒక మనిషి ఒక ప్రశ్న అడిగాడు. అడిగినందుకు అతని ఉద్యోగం పోయింది. ఉద్యోగంతోపాటు వీసా, వీసాతోపాటు ఈ దేశంలో ఉండే వీలు పోయాయి. అప్పటికి అతని భార్యకి ఏడో నెల.

అతను అడుగుతున్నప్పుడు మీ కార్లు హారన్ కొట్టాయి. నా చేతిలో గంట ఉంది. అదీ మోగింది. ఆ సంగతీ రాస్తాను.

ఆ హీరో మన ఊరికి ఎందుకొచ్చాడో మొదట చెప్పాలి. కరోనా టీకాలు వచ్చిన ఏడాది అది. షూటింగులు ఆగిపోయి, బావమరిది ఇంట్లో కొన్నాళ్ళు ఉందామని వచ్చాడు. పెద్ద ఇల్లు, వెనక పెద్ద గడ్డి మైదానం. వచ్చి నెల దాటాక ఒక రోజు ఉదయం వ్యాయామం చేసిన చెమట ఆరకముందే ఆ గడ్డిలో నిలబడి ఫోన్ ముందు పావుగంట మాట్లాడాడు. మాస్కు పశువు మూతికి కట్టే చిక్కం లాంటిదట. టీకా వేయించుకోమని ఒత్తిడి చేయడం బానిసత్వమట. ఆవకాయ తిని పెరిగిన ఒంటికి సూదులెందుకట. ఆ వీడియో మీరూ చూశారు. ఏడుగురు వేర్వేరు మనుషులు ఏడు సార్లు నాకు పంపారు. అందులో ఇద్దరు డాక్టర్లు.

రెండు రోజుల్లో ఆ వీడియోని సైటు నడిపే కంపెనీవాళ్ళు తీసేశారు. తప్పుడు సమాచారం అన్నారు. ఇక చూడండి. నా నోరు నొక్కేశారు అని ఆయన ఒక టీవీ చానెల్‌లో చెప్పాడు. సాయంత్రం ఇంకో చానెల్‌లో చెప్పాడు. మర్నాడు ఇక్కడి తెలుగు రేడియోలో గంటన్నర సేపు చెప్పాడు. నోరు నొక్కేసిన మనిషి అంత సేపు మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

అయినా ఆ వీడియోని తీసేయడం తప్పనే అన్నాను. ఇప్పటికీ అంటాను. అందులో ప్రతి వాక్యమూ తప్పే. కానీ తప్పుని పలక మీంచి తుడిచేస్తే అది ఎందుకు తప్పో ఎవరికీ తెలియదు. దాని పక్కన జవాబు రాయాలి. జవాబు రాసేవాళ్ళని బతకనివ్వాలి. ఈ రెండో మాట నాకు ఆ రోజుల్లో తట్టలేదు. ఈ వ్యాసమంతా దాని గురించే.

నేను వాదించడం నేర్చుకున్నది మా ఊరి గ్రంథాలయం మేడ మీద గదిలో. శనివారం సాయంత్రాలు అక్కడ చర్చలు జరిగేవి. జాతకాలు నిజమా, విభూతి గాల్లోంచి పుడుతుందా, ఒకే బావిలో నీళ్ళు తోడుకుంటే ఏం మైలపడుతుంది, ఇలాంటివి. రిటైరైన లెక్కల మాస్టారొకాయన అధ్యక్షుడు. ఆయన నియమాలు రెండు. ఎదుటివాడి వాదం ముందు నువ్వే చెప్పాలి, 'అవును, నేనన్నది అదే' అని వాడు ఒప్పుకున్నాకే నీ జవాబు మొదలుపెట్టాలి. రెండోది, చీటీ మీద ప్రశ్న పంపేవాళ్ళు పేరు, వీధి, చేసే పని రాయాలి. పేరు లేని చీటీ ఆయన చదివేవారు కాదు.

నాకు పదిహేనేళ్ళప్పుడు ఊరికొచ్చిన ఒక బాబా గురించి పేరు రాయకుండా ప్రశ్న పంపాను. ఆ బాబాకి మా పెదనాన్న భక్తుడు. మాస్టారు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ఈ ప్రశ్నకి యజమాని లేడు" అన్నారు. అందరూ నవ్వారు. నా మొహం కందిపోయింది. ఆ తరువాత నా జీవితంలో పేరు పెట్టకుండా ఒక్క వాక్యం రాయలేదు. అదే ధైర్యమనుకున్నాను. ఆ ఊళ్ళో పేరు రాస్తే మహా అయితే పెదనాన్న నాలుగు రోజులు మాట్లాడడు. అంతకుమించి పోయేదేమీ లేదని నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు.

కార్ల ర్యాలీ అనుకున్న వారంలో మన తెలుగు సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. మంచి మాటకారి. సంఘం పత్రికలో నేను రాసిన వ్యాసాలన్నీ చదువుతానన్నాడు. చదవడని తెలిసినా సంతోషించాను.

"మేడమ్, మీరు హీరోగారితో ఏకీభవించరని తెలుసండీ. అందుకే మీరు రావాలి. ఆయన్ని వ్యతిరేకించేవాళ్ళు కూడా ఆయన మాట్లాడే హక్కు కోసం నిలబడ్డారంటే ఆ అందమే వేరు."

అందం కోసం నన్ను పిలుస్తున్నారని నాకు అర్థం కాలేదని అనను. అర్థమైంది. కానీ నా దగ్గర ఒక షరతు ఉంది కదా, దాంతో ఈ తమాషాని నిజమైన చర్చగా మార్చేస్తాననుకున్నాను. ఆయన ప్రసంగం తరువాత పది నిమిషాలు ప్రశ్నలకివ్వాలన్నాను. ఏ ప్రశ్ననీ ముందుగా ఏరి పక్కన పెట్టకూడదన్నాను.

"తప్పకుండా. కానీ ఎవరో ఆకతాయిలు అడ్డమైన చీటీలు పంపితే?"

"పేరు, ఊరు, పనిచేసే చోటు రాయమనండి. ఆకతాయిలు రాయరు."

"బ్రహ్మాండం," అన్నాడతను. ఆ ఒక్క మాటా అతను మనస్ఫూర్తిగా అన్నాడు. ఎందుకో నాకు తరువాత తెలిసింది.

ప్రశ్న అడిగిన మనిషి నాతోపాటు ఒకే కంపెనీలో పనిచేసేవాడు. కరీంనగర్ వైపు కుర్రాడు. కుర్రాడంటున్నాను గానీ ముప్పై దాటాయి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం అతని పని. మా అపార్ట్‌మెంట్లోనే కింది అంతస్తులో ఉండేవాళ్ళు. నేను హేతువాదినని తెలిసిన దగ్గరనుంచీ, ఎదురుపడ్డప్పుడల్లా, "అక్కా, ఇవాళ రాహుకాలంలో కాఫీ తాగచ్చా?" అని ఆటపట్టించేవాడు. ఫోన్ తెరిస్తే ఆ హీరో బొమ్మే. సినిమా విడుదలైన రోజు మొదటి ఆటకి కాగితాలు చించి ఎగరేసి, ఆట అయ్యాక చీపురు తీసుకుని హాలంతా తనే ఊడ్చే రకం.

పెళ్ళికి ముందు అతనితో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు షార్లట్‌లో ఉండేవాడు. అతనూ ఆ హీరో అభిమానే. హీరో వీడియో చూసి టీకా సంగతి తరువాత చూద్దాంలే అన్నాడు. ఇద్దరూ ఫోన్‌లో దాని మీద పోట్లాడుకున్నారు. మూడు వారాలకి ఆ స్నేహితుడు ఆసుపత్రిలో చేరాడు. తిరిగి రాలేదు. హీరో మాట వల్లే అతను పోయాడని నేననను. నిరూపించలేనిది అనడం నాకు నేర్పలేదు. మనవాడూ అనలేదు. ఒక్కటే అన్నాడు, మా మెట్ల దగ్గర నిలబడి.

"అక్కా, మా హీరో అన్న వేయించుకున్నడా లేదా, అదొక్కటి తెలుసుకోవాలె. వేయించుకోలేదంటే సరే, ఆయన నమ్మిందే చెప్పిండు. వేయించుకుని మాకు వద్దన్నడంటే..."

"ఆదివారం అడుగు. ప్రశ్నలకి టైమ్ పెట్టించాను," అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

"అడగచ్చా? ఏం కాదా?"

"ఎందుకవుతుంది? అది వాక్‌స్వాతంత్ర్యం సభ."

అతను నవ్వాడు. పేరు రాయాలా అని అడిగాడు. రాయాల్సిందే అన్నాను. మా లెక్కల మాస్టారి కథ చెప్పాను. యజమాని లేని ప్రశ్న అన్న మాట అతనికి బాగా నచ్చింది. రెండు సార్లు తనలో తను అనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఇంకా ఎండ తగ్గలేదు. తారు నేల కాలుతోంది. ఆకుపచ్చ చొక్కాలు వేసుకున్న వాలంటీర్లు కార్లని ముందుకీ వెనక్కీ నడిపిస్తూ అక్షరాలు దిద్దుతున్నారు. 'ట' తోక దగ్గర వంపు సరిగ్గా రావడం లేదని ఒకాయన నిచ్చెన ఎక్కి అరుస్తున్నాడు. మనవాడిది పదిహేడో గడి, ఆ అక్షరం మొదట్లో. సగం మందికి మాస్కులు లేవు. ఉన్నవాళ్ళు ఫోటో తీసేటప్పుడు గడ్డం కిందకి లాగుతున్నారు. ట్రక్కు వెనక భాగాన్ని వేదికగా కట్టారు. దానికి కట్టిన బ్యానర్ మీద హీరో బొమ్మ, పక్కన స్పాన్సర్ల పేర్లు. అందరికన్నా పెద్ద అక్షరాల్లో మా కంపెనీ పేరు. మా యజమాని తెల్ల చొక్కాలో ముందు వరసలో నిలబడ్డాడు. అది చూశాను. చూసి కూడా ఏమీ ఆలోచించలేదు.

టైమ్ చూసే బాధ్యత నాదే. మా గ్రంథాలయంలో గంట ఉండేది. మా ఇంట్లో దేవుడి గది లేదు కనుక గంటా లేదు. పక్కింటావిడ పూజగంట అడిగి తెచ్చాను. ఆవిడ నవ్వుతూ ఇచ్చి, "చివరికి మీ చేత గంట కొట్టించాడు చూశారా ఆ దేవుడు," అంది.

ముందు నేను మాట్లాడాను. హీరోగారు చెప్పింది తప్పు, కానీ చెప్పే హక్కు ఆయనకుంది, అన్నాను. మొదటి సగానికి హారన్లు మోగాయి, వెక్కిరింపుగా. రెండో సగానికి ఇంకా గట్టిగా మోగాయి, సంతోషంగా. చప్పట్ల బదులు హారన్లు అని ముందే చెప్పారు, దూరం పాటించాలి కదా అని. తరువాత హీరో కారు పైకప్పు కిటికీలోంచి లేచి నిలబడ్డాడు. భయపడే జాతి కాదు మనది అన్నాడు. నా మైకు లాక్కున్నారు అన్నాడు, మైకులో. నలభై నిమిషాలు మాట్లాడాడు. ఇరవై నిమిషాలకి నేను గంట కొట్టాల్సింది. కొట్టలేదు. ఆయన మాటల ఊపు మీద ఉన్నాడు, మధ్యలో కొడితే బాగుండదనిపించింది.

చీటీలు చదివింది ఇక్కడే పుట్టి పెరిగిన కాలేజీ అమ్మాయి. తెలుగు అక్షరాలు రావు, ఎవరో ఇంగ్లీషు లిపిలో రాసిచ్చారు. మొదటి చీటీ, తరువాతి సినిమా ఎప్పుడని. రెండోది, మీ ఫిట్‌నెస్ రహస్యం ఏమిటని. మూడో చీటీ ఆ పిల్ల తన ముద్దు తెలుగులో నింపాదిగా చదివింది. ముందు అతని పేరు, ఇంటిపేరుతో సహా. తరువాత కరీంనగర్. తరువాత మా కంపెనీ పేరు, బ్యానర్ మీద ఉన్న అదే పేరు. ఆ తరువాత ప్రశ్న.

"అన్నా, మీరు టీకా వేయించుకున్నారా, లేదా?"

అంతే ఆ ప్రశ్న. అందులో తిట్టు లేదు, ఎత్తిపొడుపు లేదు. అన్నా అని పిలిచాడు.

హీరో నవ్వాడు. "తమ్ముడూ, నిన్నెవరు పంపారురా?" అన్నాడు. హారన్లు మోగాయి. పదిహేడో గడిలో కారు తలుపు తెరుచుకుంది. మనవాడు దిగి నిలబడ్డాడు, మాస్కు సర్దుకుని. "ఎవరూ పంపలేదన్నా. నా దోస్తు పోయిండు. అందుకే అడుగుతున్న. అవునో కాదో చెప్పండి చాలు," అన్నాడు. ముందున్నవాళ్ళకే వినపడింది. ఎందుకంటే అప్పటికి మీ చేతులు స్టీరింగుల మీద ఉన్నాయి. ఒక కారు మొదలుపెడితే అన్నీ అందుకున్నాయి. అభిప్రాయం చెప్పే హక్కు కోసం వచ్చిన కార్లు ఒక మనిషి గొంతు వినపడకుండా చేయడానికి అన్నీ కలిసి మోగాయి.

హీరో నా వైపు చూశాడు. అధ్యక్షుడు నా వైపు చూశాడు. మా యజమాని కూడా చూశాడు. నా ఎడమ చేతిలో రెండో మైకు ఉంది, పనిచేస్తున్న మైకు. ఎదుటివాడి ప్రశ్నని ముందు నేను చెప్పాలి, అదే నా మొదటి నియమం. 'ఆయన అడిగింది ఇదీ, దీనికి జవాబివ్వండి' అంటే చాలు. ఐదే మాటలు.

నేను గంట కొట్టాను. "సమయం అయిపోయింది," అన్నాను.

నలభై నిమిషాల ప్రసంగానికి మోగని గంట ఒక్క వాక్యానికి మోగింది.

వాలంటీర్ ఒకడు వెళ్ళి మనవాణ్ణి కారు తీసేయమన్నాడు. అతను కారు తీసుకుని వెళ్ళిపోయాడు. డ్రోన్ ఎగిరినప్పుడు 'ట' మొదట్లో ఒక ఖాళీ. మర్నాడు సంఘం పెట్టిన ఫోటోలో ఆ ఖాళీ లేదు. పక్క కారునే కంప్యూటర్‌లో ఇంకోసారి అతికించారు. ఇప్పుడు చూసినా తెలుస్తుంది, పదహారులోనూ పదిహేడులోనూ ఒకే తెల్ల కారు, ఒకే చోట సొట్ట.

ఆ రోజే క్లిప్ తిరగడం మొదలైంది. ఆ పిల్ల పేరు చదవడం, కంపెనీ పేరు చదవడం, హీరో నవ్వు, హారన్లు. అతనన్న మాటలు అందులో లేవు, వినపడలేదు కదా. కింద రాతలు మీకు తెలుసు, కొన్ని మీరే రాశారు. అమ్ముడుపోయాడన్నారు. తెలంగాణవాడు కాబట్టే అన్నారు కొందరు, తెలంగాణ పరువు తీశాడన్నారు ఇంకొందరు. వాడి వీసా చూడండయ్యా అని ఒకడు రాస్తే నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వెతకడానికి ఎవరికీ శ్రమ లేకపోయింది. పేరు, ఊరు, పనిచేసే చోటు, అన్నీ వరసగా నేనే రాయించాను. అధ్యక్షుడు బ్రహ్మాండం అన్నది ఇందుకే.

పదో రోజున మా కంపెనీ అతనికి ప్రాజెక్ట్ అయిపోయింది, ఇక పని లేదని చెప్పింది. అదే ప్రాజెక్ట్‌లో ఉన్న మిగిలిన ఐదుగురికీ అయిపోలేదు. ఆ ప్రశ్న గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మా యజమాని చెడ్డవాడేమీ కాదు. పండగలకి అందరికీ మిఠాయి పెట్టెలు పంపుతాడు. వేరే ప్రాజెక్ట్ ఏదైనా వస్తే చూద్దాం బాబూ అన్నాడట. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. నెలలు నిండాక విమానం ఎక్కనివ్వరు. కాబట్టి అతనికి ఉన్నది అరవై రోజులు కూడా కాదు. ఆ క్లిప్‌లో పేరున్న మనిషిని తీసుకోవడానికి ఈ చుట్టుపక్కల ఏ తెలుగు కంపెనీ ముందుకు రాలేదు.

ఒక శనివారం పొద్దున వాళ్ళిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి సోఫాలో కూర్చోలేక వెనక్కి దిండు పెట్టుకుంది. నేను కాఫీ ఇచ్చాను. రాహుకాలం మాట ఎవరూ ఎత్తలేదు.

"అక్కా, మీరొక లెటర్ రాయాలె," అన్నాడు. "ఆ ప్రశ్న నేను లొల్లి చేయడానికి అడగలేదని. రూల్ పెట్టింది మీరని, పేరు రాయమన్నది మీరని. అంతే. బాస్‌కి ఒకటి, సంఘానికి ఒకటి. మీ మాటకి విలువ ఉంటది."

"ఆలోచించనీ," అన్నాను.

"ఆలోచించేదేముందక్కా? అయింది అయినట్టు రాసుడే గదా."

నేనేం ఆలోచించాలో ఆ అమ్మాయికి అర్థమైనట్టుంది. నా గ్రీన్ కార్డ్ కాగితాలు కూడా అదే యజమాని చేతిలో ఉన్నాయి, పదకొండేళ్ళుగా. ఆయన ఒక సంతకం ఆపితే నేనూ పెట్టె సర్దుకోవాలి. ఆ అమ్మాయి భర్త మోచేయి పట్టుకుని, "పోదాం పాండి, అక్కకు ఇబ్బంది," అంది. కోపంగా అనలేదు. అలా అనకుండా తిట్టి ఉంటే ఈ రోజు నాకు కొంచెం సుఖంగా ఉండేది.

నేను ఉత్తరం రాయలేదు. వ్యాసం రాశాను. చాలా మంచి వ్యాసం. వాక్‌స్వాతంత్ర్యం మీద, భిన్నాభిప్రాయం మీద, సత్యం ఎలా తేలుతుందనే దాని మీద. అందులో ఆ సాయంత్రం లేదు, హారన్లు లేవు, గంట లేదు, అతను లేడు. సంఘం పత్రిక మొదటి పేజీలో వేసింది. మూడో రోజు ఆ హీరో దాన్ని తన లక్షల మంది అభిమానులకి పంపాడు, రెండు దండాల బొమ్మలు పెట్టి. నా వాక్యాలు ఆయనకి అంత బాగా సరిపోయాయి. ఒక్క మాట మార్చాల్సిన అవసరం రాలేదు.

ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. అదైనా చేస్తానన్నాను, అతను వద్దనలేదు. పెట్టెలు దించాక అతను నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, పేరు రాయకపోతే బాగుండు కదా," అన్నాడు.

నిందలా అనలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకున్నవాడిలా, నెమ్మదిగా అన్నాడు. అతని పని అదే కదా. నేను తలూపాను. విమానం వేళవుతోందని ఆ అమ్మాయి పిలిచింది.

బిడ్డ ఇండియాలోనే పుట్టింది. బాగుంది. అతనికి ఏడాది దాకా సరైన పని దొరకలేదు.

ఆ ఏడాది తరువాతే ఆ హీరో కొత్త సినిమా వచ్చింది. ఒక ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న అమ్మాయి నవ్వుతూ అడిగింది, సార్, నిజం చెప్పండి, మీరు వేయించుకున్నారా అని. ఆయనా నవ్వాడు. అమెరికాలో దిగిన రెండో వారంలోనే మా బావమరిది లాక్కెళ్ళి వేయించాడమ్మా, షూటింగులు ఉన్నాయి కదా, ఇన్సూరెన్స్ వాళ్ళు ఊరుకోరు, అన్నాడు. అంటే గడ్డిలో నిలబడి ఆ వీడియో చేసే నాటికే. స్టూడియోలో అందరూ చప్పట్లు కొట్టారు, ఎంత నిజాయితీ అని. అదే ప్రశ్న. అడిగినామెకి ఉద్యోగం పోలేదు, పేరొచ్చింది. ఆ ఇంటర్వ్యూ కూడా మీరు పంచుకున్నారు.

ఇప్పుడు మా లెక్కల మాస్టారిని ఒక మాట అడగాలని ఉంది. పేరు లేని ప్రశ్నకి యజమాని లేడన్నారు మీరు. పేరు రాసిన ప్రశ్నకి ఇద్దరు యజమానులు తేలారు ఇక్కడ. ఒకడు అడిగినవాడు, ఇంకొకడు అతని వీసా కాగితం మీద సంతకం పెట్టేవాడు. రెండోవాడు నోరు విప్పకుండానే మొదటివాణ్ణి దేశం దాటించాడు. ఏ ప్రభుత్వమూ అతని నోరు మూయలేదు, ఏ కంపెనీ కంప్యూటరూ అతని మాట చెరపలేదు. మనమే చేశాం, మన కార్లతో, పండగ చేసుకుంటూ. పెద్దవాడి నోటికి అడ్డు తగిలితే మనకి ప్రాణం పోయినంత బాధ. మన పక్క గడిలోవాడు నోరు తెరిస్తే మన అరచేయి హారన్ మీదకి పోతుంది. దీనికి వాక్‌స్వాతంత్ర్యం అని పేరు పెట్టి పైనుంచి ఫోటో తీయించుకున్నాం.

ఈ వ్యాసంలో అతని పేరు లేదు. ఎవరి పేరూ లేదు. ఇన్నేళ్ళకి అది నేర్చుకున్నాను. కానీ ఆ ఉత్తరం రాశాను, ఆలస్యంగా, నా పేరుతో, మా యజమానికీ సంఘానికీ. ప్రశ్న న్యాయమైనదని, రూల్ పెట్టింది నేనని, గంట కొట్టింది నేనని. మా యజమాని జవాబివ్వలేదు. నా కాగితాలు ఏమవుతాయో తెలియదు. ఆ చీటీ నా దగ్గరే ఉంది. చదివిన పిల్ల ఆ మర్నాడే తెచ్చిచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ. తన వల్లే అయిందనుకుంది పాపం.

ఈ మధ్య అతను మళ్ళీ ఉద్యోగాలకి దరఖాస్తు చేస్తున్నాడు, ఇక్కడా అక్కడా. అతని పేరు వెతికితే ఇప్పటికీ ముందు వచ్చేది ఆ క్లిప్పే. ఆ హీరో సినిమా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ పైకి తెస్తారు. దాన్ని తీసేయమని నేను మిమ్మల్ని అడగను. చెరిపేయడం మీద నాకు నమ్మకం లేదని మొదట్లోనే చెప్పాను. జవాబు మీదే నమ్మకం. యాభై మూడు కార్లు ఇంకా ఈ ఊళ్ళోనే తిరుగుతున్నాయి. మీలో చాలామందికి ఇప్పుడు గ్రీన్ కార్డులొచ్చాయి, పౌరసత్వాలొచ్చాయి. మీ కాగితాలు ఎవరి చేతిలోనూ లేవు.

కాబట్టి ఫోన్ తీయండి. ఆ క్లిప్ ఎక్కడుందో మీకు తెలుసు. దాని కింద మీ నవ్వు బొమ్మ ఉన్న చోటే రాయండి: 'నేను అక్కడ ఉన్నాను. అతను అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను హారన్ కొట్టాను.' కింద మీ పేరు పెట్టండి, ఇంటిపేరుతో సహా, పనిచేసే చోటుతో సహా. ఇవాళే రాయండి.